ముసాంబరం

దానాకు నాలుగేండ్లు నిండినాయి.
కుడిచేతి బొటనేలు మాత్రం ఎప్పుడు చూసినా
రాత్రంతా నానేసిన శెనగ్గింజ మాదిరి ఉబ్బి, తెల్లగా.

పళ్ళ డాక్టరు అద్దం పెట్టి చూసి
ముందరి పళ్ళు గడప దాటొస్తాండాయి అన్న్యాడంట.
మామా ఇంటికొచ్చి, అబాయా కూడా తీయకుండానే
ఓబులమ్మా, ఇది నీ పని అనింది.
జహ్రాలో ఈ మూడంతస్తుల ఇంట్లో
ఏది చెడినా నా పనే.
ఏసీ కారినా, గహ్వా దల్లాకు మరకున్నా,
పాప నోట్లో ఏలున్నా.

మొదట ప్లాస్టరు చుట్టినా.
తెల్లారేసరికి అది దిండుకు అతుక్కోనుండె,
ఏలు దాని ఇంట్లో అదుండె.
చేతికి సాక్సు తొడిగితే పాప నవ్వింది.
దానికి కండ్లు గీయమనింది, పేరు పెట్టింది,
రెండో చేతి ఏలు నోట్లో పెట్టుకునింది.

అప్పుడు వాళ్ళ జేజి
పాత సూక్ నుంచి ఒక పొట్లం తెప్పించి
నా చేతిలో పెట్టి ‘సబర్’ అనింది.

నాకొచ్చిన అరబ్బీలో సబర్ అంటే ఓర్పు.
ఐదేండ్లుగా వింటాండా.
జీతం నెల దాటితే సబర్,
సెలవడిగితే సబర్,
పాస్‌పోర్టు మాటెత్తితే ఇంకొంచెం సబర్.
ఓర్పును కూడా పొట్లం కట్టి అమ్ముతారా ఈ ఊర్లో
అనుకుంటా విప్పితి.
నల్లగా, పగిలిన సీసాపెంకు మాదిరి మెరిసింది.
ముక్కు కంటే ముందు నా రొమ్ములకు తెలిసింది.
ముసాంబరం.

రాయచోటిలో, వీసా వచ్చిన వారం,
శెట్టి అంగట్లో ఇంతే ముక్క కొంటి.
నీళ్ళు చల్లి రాతిమీద అరగదీసి పూసుకుంటి.
మా ఈరబద్రుడు పద్నాలుగు నెల్లోడు.
నోరు పెట్టినాడు, తీసినాడు,
నా మొగం దిక్కు చూసినాడు.
ఏడవలేదు. ఏడ్చింటే బాగుండు.
మల్లా ఒకసారి పెట్టి చూసినాడు,
పొరపాటు నాదైతే ఈలోగా
సరిచేసుకోనుంటానేమో అన్నట్టు.

ఆ రాత్రి నుంచే వాడు బొటనేలు పట్టినాడని
నేను విమానం దిగినాక మా చెల్లెలు చెప్పింది.

పొట్లం మడిచి పప్పుల డబ్బా ఎనకాల పెట్టినా.
జేజి అడిగితే రోజూ పూస్తాండా అంటి.
అబద్ధమే. దేవుడు చూసుకుంటాడు, ఏ దేవుడైనా సరే.

తర్వాత పాపను ఊరికే చూస్తా కూసున్నా.
ఏలు దానంతటది పోదు నోట్లోకి.
వాళ్ళమ్మ కారు గేటు దాటినాక పోతాది.
టీవీలో బొమ్మలు అరిచేటప్పుడు పోతాది.
లైటు తీసినాక, ఎడంచేత్తో
తన చెవి తమ్మె తానే నలుపుకుంటా ఉండంగా పోతాది.

మధ్యాన్నాలు ఖర్జూరాలకు గింజలు తీయమంటి.
అది నా తెలివితక్కువ, తీపి అంటిన ఏలు ఇంకా రుచి.
పిస్తాలు ఒలవమంటి, అవి కుదిరినాయి.
రొట్టెల పిండి ముద్దిస్తే ఒంటె చేసింది,
దానికి మూడే కాళ్ళు.
రాత్రిళ్ళు పక్కన పండుకోని
నా చెవి తమ్మె ఇచ్చినా ఒక చేతికి,
రెండో చేతికి నా బొటనేలు.
అంట్లు తోమి తోమి గీతలరిగిపోయి
ముద్ర పడలేదని వీసా ఆఫీసులో
నాలుగుసార్లు తుడిపించిన బొటనేలు.
పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
గరుకుగా ఉందని మూతి విరిచింది.
అయినా పట్టుకునింది.

ఎన్ని రాత్రులో లెక్క పెట్టలేదు.
కొన్ని రాత్రులు ఓడిపోయినాం ఇద్దరం.
రంజాన్ నడిమిలో గర్గియాన్ నాడు
మెడలో సంచేసుకోని ఇల్లిల్లూ తిరిగి
రెండు చేతులా మిఠాయిలు పట్టుకోనొచ్చింది.
బట్టలు మారుస్తా ఏలు చూస్తి.
పొడిగా ఉంది. గోరు కింద పిస్తా పొట్టు.
ఎవ్వరికీ చెప్పలేదు, దిష్టి తగుల్తాదని.

నిన్న రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది.
అక్కా, నీ కొడుక్కి ఆరేండ్లు దాటె,
బడిలో ఎగతాళి చేస్తాండారు,
వేపాకు నూరి పూసేదా?
వద్దంటి.
చేదు వాడికి ఒకసారి చాలు.
పక్కన పండుకోని నీ ఏలియ్యి,
చెవి అడిగితే చెవియ్యి అంటి.
ఎన్నాళ్ళు అనింది.
నాకేం తెలుసు, పట్టినన్నాళ్ళు అంటి.

దానా నిద్దట్లో పిడికిలి బిగించింది.
ఫోను ఎడంచేత్తోనే ఆపినా.